మూత మీద సిన్సియర్లీ

మా తూములపేట పురపాలక సంఘం ఆఫీసులో అబద్ధాలాడేవాళ్ళు లేరని నేను ఎక్కడైనా చెప్పగలను. అబద్ధం ఆడాలంటే ముందు ఏదో ఒక విషయం చెప్పాలి కదా, మేము అంతదూరం ఎన్నడూ వెళ్ళలేదు. "చూద్దాం", "పైకి రాశాం", "రేపు రండి". ఈ మాటలతోనే తరాల తరబడి ఊరిని నెట్టుకొస్తున్నాం. ఇంత ప్రశాంతమైన ఆఫీసు మీదికి రాజధాని నుంచి ఒక ఇంగ్లీషు మాటను వదిలారు.

సర్క్యులర్ ఒకే ఒక్క వాక్యం. ఇకమీదట సిబ్బంది యావన్మందీ ప్రజలతో "సిన్సియర్లీ" మాట్లాడవలెను. అంతే. అర్థం రాయలేదు, ఉదాహరణ ఇవ్వలేదు, ఆఖరికి ఏ పద్దు కింద మాట్లాడాలో కూడా చెప్పలేదు.

కమిషనర్ ముక్తేశ్వరరావు గారు వెంటనే మీటింగ్ పెట్టారు. సీనియర్ అసిస్టెంటుగా నేనూ వెళ్ళి చివరి కుర్చీలో కూర్చున్నాను. కమిషనర్ గారు సర్క్యులర్‌ని దీపం ముందు నోటు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"సదరు పదం అందరికీ తెలిసిందే కదా?" అన్నారు.

తెలియకేం, పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. పై అధికారుల ఉత్తరాల కింద రోజూ చూస్తూనే ఉన్నాం. అయితే మా ఆఫీసులో ఆ మాటను ఉత్తరం అడుగున తప్ప ఇంకెక్కడా చూసినవాళ్ళు లేరు. వాక్యం మధ్యలో దాన్ని చూడటం అందరికీ అదే మొదలు.

టైపిస్టు హైమావతి మాత్రం చెయ్యెత్తింది. "మా కాలేజీలో అబ్బాయిలు సిన్సియర్‌గా లవ్ చేస్తున్నాం అనేవాళ్ళండి. అలాంటిదేమో."

"అది ప్రైవేటు రంగం, మనకి వర్తించదు" అన్నారు కమిషనర్ గారు.

అప్పుడు మా మేనేజరు అప్పలాచార్యులు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే రూల్సు పుస్తకం నిద్ర లేచిందన్నమాట.

"ముందుగా సదరు పదం యొక్క స్థాన నిర్ణయం జరగవలసి ఉన్నది. సిన్సియర్లీ అనునది ఎక్కడ ఉంటుంది? అడుగున. దాని కింద ఏముంటుంది? సంతకం. సంతకం కింద? పేరు, హోదా. కావున సిన్సియర్లీ మాట్లాడుట యనగా, ప్రతి మాట చివరా సిన్సియర్లీ అని పలికి, పేరు, హోదా పలకవలెను. ఇందులో రెండో అర్థానికి తావు లేదు."

"మరి యువర్స్ సంగతేంటండి?" అన్నాను నేను, ఊరుకోలేక.

"యువర్స్ అన్న మాటను ప్రభుత్వం కావాలనే వదిలేసింది సోమలింగం గారూ. యువర్స్ అంటే 'మీవాడిని' అని. మనం ప్రజలవాళ్ళం అయిపోతే ఇక ఆఫీసు నడిచేదెలాగ?"

అందరూ తలలూపారు. మా ఆఫీసులో అందరూ ఒకేసారి తలలూపితే అది తీర్మానం.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు కళకళలాడింది. పన్ను కట్టడానికి వచ్చిన పెద్దమనిషిని చూసి మా క్యాషియరు లేచి నిలబడి, "కూర్చోండి. సిన్సియర్లీ, ఎన్. భద్రం, క్యాషియర్" అన్నాడు. ఆ పెద్దమనిషి భయపడి నిలబడే ఉన్నాడు. నీళ్ళ ప్రకటనలు చేసే ఆటో వీధులన్నీ తిరుగుతూ, "ఈ రోజు నీళ్ళు రావు. సిన్సియర్లీ, నీటి సరఫరా విభాగం" అని మైకులో అరిచింది. ఎన్నేళ్ళుగానో రాని నీళ్ళు అంత మర్యాదగా రాకపోవడం ఊరి జనానికి అదే మొదటిసారి.

కొత్త ఉత్సాహం ఎక్కడా ఆగదు కదా. ఉత్తరానికి అడుగు ఉన్నప్పుడు తల లేకపోతే ఎలా అని మేనేజరు గారికి సందేహం వచ్చింది. దాంతో మాటకు ముందు విషయం, సూచిక కూడా చెప్పాలన్నారు. "విషయం: టీ. సూచిక: నిన్నటి టీ. పై విషయమై ఒక టీ తెప్పించవలసిందిగా కోరడమైనది. సిన్సియర్లీ, కె. ముక్తేశ్వరరావు, కమిషనర్" అని కమిషనర్ గారు గదిలోంచి పలికేసరికి టీ కొట్టువాడు కొట్టు కట్టేసేవాడు. ఆ తరవాత ప్రతుల గొడవ వచ్చింది. ఉత్తరం నకలు నలుగురికీ పంపుతాం కాబట్టి మాట నకలు కూడా పంపాలి. ఆ భారం అటెండరు సూర్యారావు మీద పడింది. పాపం భారీ మనిషి. ఏ గదిలో ఎవరు ఏమన్నా విని, మిగతా గదులన్నిటికీ పరుగెత్తి, "సమాచారార్థం" అంటూ అదే మాట అక్షరం పొల్లుపోకుండా వినిపించి రావాలి. కమిషనర్ గారు తుమ్మితే ఇంజనీరింగ్ సెక్షన్‌లో సూర్యారావు తుమ్మాడు.

మెట్ల దగ్గర బిల్ కలెక్టరు ప్రకాశం హైమావతిని ఆపి, "నువ్వంటే నాకిష్టం. సిన్సియర్లీ, టి. ప్రకాశం, బిల్ కలెక్టర్, రెండో వార్డు" అన్నాడట. "పరిశీలనలో ఉంది. సిన్సియర్లీ, హైమావతి, టైపిస్టు, బ్రాకెట్లో టెంపరరీ" అందట ఆ పిల్ల. ఈ సంభాషణ మాకెలా తెలిసిందంటారా? సూర్యారావు వచ్చి సమాచారార్థం వినిపించాడు.

ఇంతవరకూ అంతా పండగే. అసలు ప్రమాదం అచ్చాయమ్మ రూపంలో వచ్చింది.

అచ్చాయమ్మ మా ఆఫీసు వెనక వీధిలో ఇడ్లీ బండి పెడుతుంది. మొగుడు పోయాక ఆ బండి మీదే బతుకుతోంది. నేను రోజూ పొద్దున్నే అక్కడే తింటాను, తిని "అమృతం అచ్చాయమ్మా" అంటాను, అలా అంటే ఇంకో గరిటెడు చట్నీ వేస్తుంది. ఆ బండి పక్కనే ఒక డ్రైనేజీ గుంట ఉంది. దాని మూత ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. తినడానికొచ్చినవాళ్ళు పళ్ళెం చూసుకుంటూ వెనక్కి అడుగేసి అందులో పడుతున్నారు. ఒకాయన కాలు కూడా విరిగింది. అచ్చాయమ్మ మూత వెయ్యమని మా ఆఫీసు చుట్టూ తిరగని వారం లేదు.

చివరికి శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు ఆ గుంటను స్వయంగా పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చారు. జనం పడుతున్నారంటే దానికి కారణం గుంట కాదు, జనం. జనం రావడానికి కారణం ఇడ్లీ. కనుక సోమవారం లోపు ఇడ్లీ బండి తీసెయ్యాలి. తియ్యకపోతే మేమే లారీలో ఎక్కించుకుపోతాం. ఇదీ నోటీసు.

నోటీసు పట్టుకుని అచ్చాయమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఏవండి గుమస్తా గారూ, గుంట ముయ్యమంటే బండి తీసేమంటారేంటండి? ఆ బండి పోతే నేనేం తిని బతకాలండి?"

నాకు నిజంగానే జాలేసింది. జాలేసినప్పుడు మేము చెప్పే మాట ఒకటుంది. "రేపు రా అచ్చాయమ్మా" అన్నాను. అని, కొత్త రూలు గుర్తొచ్చి, "సిన్సియర్లీ, బి. సోమలింగం, సీనియర్ అసిస్టెంటు" అని ముగించాను. సూర్యారావు పక్క గదికి పరుగెత్తాడు.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే అచ్చాయమ్మ వచ్చి వరండాలో నిలబడి ఉంది. "బి. సోమలింగం, సీనియర్ అసిస్టెంటు, సిన్సియర్లీ రమ్మన్నారండి" అని ఊరంతా వినేలా చెప్తోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని వేలమందికి రేపు రమ్మన్నానో, ఆ రేపుల్లో ఒక్కటీ నా పేరు పెట్టుకుని తిరిగి రాలేదు.

"ఇంజనీరింగ్ వాళ్ళని అడుగు, సిన్సియర్లీ, బి. సోమలింగం" అని గబగబా తోసేశాను. ఆమె అటు వెళ్ళి, "బి. సోమలింగం గారు మిమ్మల్ని అడగమన్నారండి, సిన్సియర్లీ" అంది. వాళ్ళు శానిటరీ వాళ్ళ మీదికి తోశారు, పేర్లతో సహా. సాయంత్రానికి ఆఫీసులో ఎవరు ఎవరి మీదికి తోశారో హోదాలతో సహా అచ్చాయమ్మకు నోటికొచ్చేసింది. ఊళ్ళో మిగతావాళ్ళు ఊరుకుంటారా? మర్నాటి నుంచి వరండా నిండా జనమే. ఫలానా వారు సిన్సియర్లీ అన్నారు, ఫలానా వారు సిన్సియర్లీ పంపారు అని ఒకటే అరుపులు.

మాటకి పేరు తగిలిస్తే ఇంత పని జరుగుతుందని మాకెవరు చెప్పారు? ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. భద్రం మెడకు మఫ్లరు చుట్టుకుని గొంతు పోయిందని సైగ చేశాడు. నేను కళ్ళతోనే రేపు రమ్మనడం నేర్చుకున్నాను. ఇలాగైతే లాభం లేదని, ఆ మాటకు వేరే అర్థమేమైనా ఉందేమో కనుక్కుందామని, శుక్రవారం నాడు రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు దైవసహాయం మాస్టారిని కారు పెట్టి పిలిపించారు కమిషనర్ గారు.

మాస్టారు సర్క్యులర్ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను.

"ఇది సంతకం కాదండీ, క్రియా విశేషణం. ఒక క్రియ ఎలా జరుగుతోందో చెప్పే మాట. క్రియ లేకుండా ఇది నిలబడదు."

ఇంజనీరు పాండురంగం గారు ఉలిక్కిపడ్డారు. మేనేజరు గారు మాత్రం చాలా తృప్తిగా రాసుకున్నారు.

"స్పష్టమైనది. విశేషణం వరకు మా జనరల్ సెక్షన్‌ది. క్రియ ఇంజనీరింగ్ వారిది" అన్నారు.

"అది కాదండీ" అన్నారు మాస్టారు ఓపిగ్గా. "సిన్సియర్లీ మాట్లాడటమంటే మనసులో ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం."

మేనేజరు గారు అంతవరకూ రాసుకున్నది కొట్టేశారు.

"మనసులో ఉన్నదా?" అన్నారు కమిషనర్ గారు నెమ్మదిగా. "పబ్లిక్‌తోనా?"

"సర్వీసు రూల్సు ఒప్పుకోవు" అన్నారు మేనేజరు గారు ముఖం తుడుచుకుంటూ. "మనసు అనునది ప్రభుత్వ ఆస్తుల జాబితాలో కూడా లేదు."

ఈ అర్థం మరీ ప్రమాదకరంగా ఉందని, స్పష్టత కోరుతూ రాజధానికి రాయాలని, అంతదాకా పేరు, హోదా పలికే పద్ధతే నడపాలని తేల్చారు. అప్పటికే అచ్చాయమ్మ తలుపు దగ్గరికొచ్చేసింది. ఎవరు ఆపుతారు? ఆపాలంటే మాట్లాడాలి.

"మాస్టారూ, మూత వెయ్యడం క్రియేనాండి?" అంది.

"క్రియే తల్లీ. సకర్మక క్రియ. అందులో మూత అనేది కర్మ."

"నా కర్మేలెండి. మరి ఎవరెయ్యాలండి?"

"అదే కర్త. కర్త ఉంటేనే పని జరుగుతుంది."

కర్త అనే మాట వినగానే గదిలో ఉన్న అధికారులందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. పాండురంగం గారైతే వంగి చెప్పు లేసు కట్టుకున్నారు. ఆయన వేసుకున్నవి హవాయి చెప్పులు. ఆ ఇబ్బందిలోంచి మమ్మల్ని మేనేజరు గారే బయటపడేశారు.

"కర్మణి ప్రయోగం ఉన్నది కదా! 'మూత వేయబడును.' చూడండి, కర్త ఎక్కడైనా కనిపించుచున్నాడా? ఈ ప్రయోగం మీదే కదా మనం ఇన్నాళ్ళూ బతికింది. పరిశీలించబడును, తగు చర్య తీసుకొనబడును. అమ్మా, నీ మూత వేయబడును. వెళ్ళిరా."

ఆఫీసుకు ఆఫీసే ఊపిరి పీల్చుకుంది. అచ్చాయమ్మ కదల్లేదు. కొంగు నడుముకు బిగించి అలాగే నిలబడింది.

"ఎప్పుడండి? సోమవారం లారీ వత్తాదంట. నా బండి ఎత్తుకుపోయాక మూతేసి ఏం లాభమండి? పెద్ద సారు నోటితో ఒక్క మాట చెప్పండి బాబూ."

కమిషనర్ గారు చెడ్డమనిషి కాదు, ఆమెను త్వరగా పంపించెయ్యాలనుకున్నారు, అంతే. కర్మణి ప్రయోగం చేతిలో ఉందన్న ధైర్యంతో, "మూత సోమవారం ఉదయానికి వేయబడును" అన్నారు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ వారం పొడుగునా టీకీ, కాఫీకీ, పెన్నుకీ అలవాటైపోయిన నాలుక. ఆగలేదు. "సిన్సియర్లీ, కె. ముక్తేశ్వరరావు, కమిషనర్" అనేసింది.

అని, రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

"సూర్యారావుని పట్టుకోండి!" అని అరిచారు మేనేజరు గారు. ఎక్కడి సూర్యారావు? అంత లావు మనిషి అంత వేగంగా పరుగెత్తడం ఆ రోజే చూశాను. జనరల్ సెక్షను, ఇంజనీరింగు, క్యాషు, శానిటరీ, అన్నిటికీ సమాచారార్థం చేరిపోయింది. అతనికి ఏం తోచిందో ఏమో, వీధిలోకి కూడా దిగి ఆగి ఉన్న ప్రకటనల ఆటోవాడికి వినిపించాడు. ఇంకేముంది, మరుక్షణం ఊరంతా మైకు. "మూత సోమవారం ఉదయానికి వేయబడును. సిన్సియర్లీ, కె. ముక్తేశ్వరరావు, కమిషనర్." అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుని, ఆటో వెనకాలే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక తప్పేదేముంది? ఊళ్ళో చిన్నపిల్లలు కూడా కమిషనర్ గారి జీపు కనపడితే "మూత సారూ" అంటున్నారు. శనివారం నాడు పాండురంగం గారు స్వయంగా దగ్గరుండి సిమెంటు పలక పోయించారు. పురపాలక సంఘం ఏది కట్టినా దాని మీద ఫలకం ఉండాలని రూలు. ఏం చెక్కాలని పనివాడు అడిగితే, "ప్రకటించినట్టే" అన్నారాయన. అతను ఆటోలో విన్నది విన్నట్టే పచ్చి సిమెంటు మీద గీశాడు. అందుచేత మా ఊళ్ళో ఒక మూత మీద, అది వేసేసి ఉండగానే, "మూత సోమవారం ఉదయానికి వేయబడును. సిన్సియర్లీ, కె. ముక్తేశ్వరరావు, కమిషనర్" అని ఉంటుంది.

సోమవారం పొద్దున మూతను తెచ్చే బండి, ఇడ్లీ బండిని ఎత్తుకుపోయే లారీ ఒకేసారి వచ్చాయి. మూత వేశారు. నోటీసులో "గుంట పక్కనున్న బండి" అని ఉండటంతో లారీ వాళ్ళు గుంట కోసం వెతికి, కనపడక, ఆ మూత మీదే నిలబడి ఇడ్లీలు తిని వెళ్ళిపోయారు. అచ్చాయమ్మ వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే రాజధాని నుంచి స్పష్టత వచ్చింది. "సిన్సియర్లీ అనునది సిబ్బంది మనసులో ఉండవలసిన భావమే తప్ప, పైకి పలకనవసరం లేదు, కనిపించనవసరం అసలే లేదు" అని. కమిషనర్ గారు అందరికీ మైసూరుపాకు పంచిపెట్టారు. మేనేజరు గారు ఆనందం పట్టలేక నన్ను కౌగలించుకున్నారు. ఆఫీసులో మళ్ళీ మాటలు వినపడ్డాయి. వరండాలో ఉన్న జనమందరికీ మేము గొంతెత్తి హాయిగా, పేరూ ఊరూ లేకుండా, రేపు రమ్మని చెప్పాం. మనసులో మాత్రం సిన్సియర్లీ అనుకున్నాం.

అంతా సర్దుకున్నదనే అనుకున్నాం. కానీ ఊళ్ళో మూత ఉండిపోయింది. ఊరి మొత్తం మీద దొంగలు ఎత్తుకుపోని మూత అదొక్కటే, ఎందుకంటే దాని మీద కమిషనర్ గారి సంతకం ఉందని భయం. రాన్రాను జనానికి ఒక అలవాటైంది. ఎవరైనా ఏదైనా గట్టిగా చెప్తే, "మూత మీద నిలబడి చెప్తావా?" అనడం. స్థలం బేరాలు అక్కడే తెగుతున్నాయి. ప్రకాశం కూడా హైమావతిని అక్కడికే రమ్మన్నాడు. ఈసారి హోదా చెప్పలేదట, పెళ్ళి మాఘమాసంలో. మొన్న రోడ్డు అడగడానికొచ్చిన వార్డు జనం కమిషనర్ గారిని "ఒక్కసారి మూత దాకా రండి సార్" అని బతిమాలారు. అప్పట్నుంచీ ఆయన జీపు చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి ఆఫీసుకు వస్తోంది.

నాకేం భయం? నేను యథాప్రకారం పొద్దున్నే వెళ్ళి ఇడ్లీలు తింటున్నాను. నిన్న జనం ఎక్కువగా ఉండి, పళ్ళెం పట్టుకుని కాస్త పక్కకి జరిగాను. అచ్చాయమ్మ గరిటె పట్టుకుని, "ఎలా ఉందండి గుమస్తా గారూ?" అంది.

అమృతం అనబోయి, కిందికి చూసుకున్నాను. నా కుడి కాలు సిన్సియర్లీ మీద, ఎడమ కాలు కమిషనర్ మీద ఉన్నాయి. చుట్టూ తినేవాళ్ళందరూ పళ్ళాలు దించి నా నోటివంకే చూస్తున్నారు.

"చట్నీలో ఉప్పెక్కువైంది అచ్చాయమ్మా" అన్నాను. "ఇవాళే కాదు. ఎప్పుడూ ఎక్కువే."

ఆమె పెద్దగా నవ్వేసింది.

"ఆ సంగతి నాకూ తెల్సండి. మీరెప్పుడు చెప్తారా అనే చూత్తన్నాను. రేపు రండి, తగ్గించేత్తాను."

రేపు రండి అన్న మాటను నిజంగా రేపు రమ్మనే అర్థంతో ఎవరైనా నాతో అనడం నా సర్వీసులో అదే మొదటిసారి. ఇవాళ పొద్దున్నే వెళ్ళాను. ఉప్పు సరిపోయింది.